ఎనిమిదిలోపు

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే అతన్ని అందరూ గరిటె అనే పిలుస్తారు. మనిషి మాత్రం గరిటెలా ఉండడు, గుండిగలా ఉంటాడు. ఇన్నాళ్లూ ఆ పొట్ట వల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఇప్పుడొచ్చింది. వాళ్లక్కకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. తమ్ముడి కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. కానీ ఇంత ఒళ్లున్నవాణ్ణి కొయ్యడం కుదరదు, పది కిలోలు తగ్గి రమ్మంది డాక్టరమ్మ.

తగ్గే దారి ఆసుపత్రిలో తిండి సలహాలిచ్చే అమ్మాయి చెప్పింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది లోపే తినాలి, మిగతా వేళంతా మంచినీళ్లు తప్ప ఏదీ నోట పెట్టకూడదు. వినడానికెంత సుళువు! బుద్ధెరిగాక పన్నెండు దాకా ఖాళీ కడుపుతో ఉన్న పాపాన పోలేదు గరిటె. మొదటివారం తల ప్రాణం తోకకొచ్చింది. ఉల్లిపాయలు వేగే వాసనకే కళ్లు తిరిగేవి. అయినా అక్క మొహం తలుచుకుని నోరు కట్టుకున్నాడు. అమ్మ పోయాక తన పెళ్లి మాట పక్కన పెట్టి అతన్ని పెంచింది ఆవిడే. ఆవిడకివ్వడానికి ఇన్నేళ్లకి తన దగ్గరొకటి దొరికింది.

నెల తిరిగినా తూకం ముల్లు కదల్లేదు. పన్నెండు లోపు మెతుకు ముట్టలేదని గరిటె ఒట్టేసి చెప్పాడు. సలహాల అమ్మాయి, మరి వంటలో ఉప్పూ కారం ఎవరు చూస్తారని అడిగింది.

"నేనే. అది తినడం కాదమ్మా, పని."

ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడు. గరిటెతో తీసి అరచేతిలో ఒంపుకుని నాకడం వంటవాళ్లెవరూ తిండిలో జమకట్టరు. తెల్లారి నుంచి అన్ని గుండిగల దగ్గరా నాకినదంతా కలిపితే ఒక పూట భోజనమవుతుందని ఆ అమ్మాయి చెబితే సిగ్గుతో తల దించుకున్నాడు.

మర్నాటి నుంచి రుచి చూసే పని కూరగాయలు తరిగే పిన్నికి అప్పగించాడు. ఆవిడకి ఉప్పు ఎంతున్నా చాలదు. వారం తిరిగేసరికి జనం మంచినీళ్ల డ్రమ్ముల చుట్టూ మూగారు. మేనేజరు పిలిచి నలుగురిలో చీవాట్లు పెట్టాడు. వండేవాడికి అంతకన్నా అవమానం లేదు. అయినా గరిటె నాలుక బయటపెట్టలేదు.

ఈసారి ముల్లు కదిలింది, పైకి. డాక్టరమ్మ ఇంకొక్క నెల గడువిచ్చింది. ఆ తర్వాత తమ్ముడి మీద ఆశ వదిలేసి, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల కిడ్నీ కోసం అక్కని వరసలో నిలబెడతారట. ఆ వరస కదిలేదాకా అక్క ఉండదని డాక్టరమ్మ అనలేదు, గరిటెకే అర్థమైంది. ఇంకేం మానాలో తోచక ఇంటికి నడిచాడు.

క్యాంటీన్‌లో అలిసొచ్చినవాడు ఇంట్లో పొయ్యి ముట్టుకోకూడదన్నది అక్క పెట్టిన రూలు. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు కూడా రాత్రి వంట ఆవిడదే. తేలికైన కూరగాయల సూపంటూ గిన్నె ముందు పెట్టింది. మొదటి చెంచాకే గరిటె ఆగిపోయాడు. గుండిగల దగ్గర నాకడం మానేశాక నాలుకకి కొత్తగా పదునొచ్చింది. సూపులో మీగడుంది. దాని కింద వెన్న ఉంది, అదీ పిడికెళ్ల కొద్దీ. లేచి ఫ్రిజ్ కింది అర లాగాడు. ఆకుకూరల కట్టల కింద వెన్న ప్యాకెట్లు వరసగా ఉన్నాయి.

"ఏంటక్కా ఇది?"

అక్క అబద్ధమాడలేదు. "నిన్ను చంకనేసుకుని పెంచాన్రా. ఇప్పుడు తీసుకెళ్లి కత్తికి అప్పజెప్పలేను."

"నాకేం కాదంటున్నారుగా?"

"మొదట్లో నాకూ అలాగే అన్నారు."

బతిమాలాడు, కోప్పడ్డాడు, ఏడ్చాడు. రేపట్నుంచి ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనన్నాడు. తమ్ముడు బక్కచిక్కి వచ్చినా సరే, తన ఆపరేషన్‌కి తను సంతకం పెట్టనంది ఆవిడ, అన్నం పెట్టేటప్పటి గొంతుతోనే. ఆ గొంతు మారదని చిన్నప్పట్నుంచీ తెలుసు. ఫ్రిజ్ అర మూసి, మళ్లీ గిన్నె ముందు కూర్చున్నాడు.

ఆవిడ గడియారం చూసింది. సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిన చేత్తో గిన్నె ముందుకి జరిపింది.

"ఎనిమిదవుతోంది. చల్లారిపోకముందే తిను."

తిన్నాడు. కళ్లు తుడుచుకుంటూ ప్రతి చెంచా మింగాడు. ఉప్పు సరిపోయిందా అని అడిగింది అక్క. ఉప్పు మానేసి ఏడాదైంది ఆవిడకి, రుచి చూడ్డానికి లేదు.

"సరిపోయిందక్కా," అన్నాడు.

సూపులో అసలు ఉప్పే లేదు.