నాలుగు వేళ్ళ మట్టి

గురమ్మ చీర మోకాళ్ళ పైకి దోపుకుని మట్టి తొక్కుతోంది. రాత్రి నానబెట్టిన పుట్టమట్టి, ఊక, పేడనీళ్ళు. మడమ దిగాలి, తీస్తే అంటుకోకూడదు. నలభై ఏళ్ళుగా ఆమెకు తెలిసిన కొలత అదే.

అరసవల్లి శివార్లలో గిరిబాబు నాలుగు మట్టిళ్ళు కడుతున్నాడు. గుడికి వచ్చేవాళ్ళు ఒక రాత్రి పడుకుని వెళ్ళడానికి. ఏసీ అక్కర్లేని ఇళ్ళని బోర్డు కూడా రాయించాడు. గోడలు గురమ్మ పెట్టింది. గోడల మీద పేచీ లేదు, పైకప్పు మీదే.

గురమ్మ వాళ్ళ ఊళ్ళో తాటాకును నేరుగా కప్పరు. ముందు దూలాల మీద వెదురుబద్దలు పరిచి, గడ్డి వేసి, నాలుగు వేళ్ళ మందాన మట్టి మెత్తి అటక చేస్తారు. ఆకు దాని పైన. ఆకు తగలబడినా నిప్పు లోపలికి దిగదు. ఎండా దిగదు.

"మట్టి నెత్తి మీదెట్టుకుని ఎవులు పడుకుంటారు గురమ్మా?" అన్నాడు గిరిబాబు, నెల్లాళ్ళుగా అంటున్నట్టే. "కింద నుంచి సూస్తే ఆకు కనపడాల. ఫొటోలొచ్చేది దానికే."

"కాలేది ఫొటో కాదు బాబూ."

"గుమ్మం కాడ మంటలార్పే సిలిండరెడతన్నాను కదా."

"నిద్దట్లో ఉన్నోడు లెగిసి దాన్ని ఇప్పుతాడేటి? పోనీ, సూరైనా కిందకి దింపు. తుపానొస్తే గాలి దూరిపోతాది."

"వొచ్చినోళ్ళకి నెత్తి తగిల్తే?"

"వొంగుతారు."

గిరిబాబు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"సరేలే. ఎనకాల వాచ్‌మేన్ గది ఫొటోలో రాదు. దానికేసుకో. రేపు తొమ్మిదికి కప్పేవోళ్ళొస్తారు. అప్పటికవ్వకపోతే ఆకేసేస్తారు."

వాచ్‌మేన్ పోతురాజు భార్య దుర్గ కింద నుంచి తట్టలు అందించింది. గదిలో ఉయ్యాల, అందులో ఐదు నెలల పిల్ల. గురమ్మ నిచ్చెన మీద నిలబడి, తట్ట అందుకుని, గుప్పెడు గుప్పెడుగా మెత్తింది. మధ్యాహ్నానికి చేతులు పైకి లేవడం మానేశాయి. అన్నం తిని మళ్ళీ ఎక్కింది.

"మామ్మా, మా కోసం ఇంత సేస్తన్నావు. నీ ఇంటికుందేటి అటక?"

"నాది రేకులిల్లే. లోపల గుడ్డెడితే ఉడుకుతాది."

దుర్గ పడీపడీ నవ్వింది. గురమ్మ మరో గుప్పెడు మెత్తి, చూడకుండానే చెప్పింది. "మా ఊరు కాలిపోయినప్పుడు మా అత్త ఏసిన అటక కింద నా కొడుకు నిద్దరోతన్నాడు. బయటికి తెచ్చాక లెగిసేడు. పక్కిల్లు మా తోటికోడలిది. వొచ్చే ఏడు ఏద్దామనుకున్నారు. దాని కూతురు దక్కలేదు."

దుర్గ ఉయ్యాల వైపు చూసి తట్ట ఎత్తింది.

పొద్దు వాలేసరికి మట్టి మెత్తడం పూర్తయింది. గురమ్మ కొంగు ముడి విప్పి రాయి తీసింది. నాగావళిలో దొరికింది, అత్తగారిది. ఒక వైపు అరిగి బల్లపరుపుగా ఉంది.

"రేపటికి బీటలిస్తాది. దీంతో రుద్ది మూసేయాల. బీటుంటే నిప్పురవ్వ దిగుతాది."

"ఎలా రుద్దాల?"

"పిల్లకి నూని రాసినట్టు. నాను వొస్తాను కదా, నీకెందుకూ." రాయిని అటక మీదే పెట్టి దిగింది. ఆటో ఎక్కేటప్పుడు రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది.

మర్నాడు ఏడు దాటినా ఆమె రాలేదు. ఏడున్నరకు పోతురాజుకు ఫోను వచ్చింది. రేకుల కింద ఉక్కకు ఓర్చలేక వాకిట్లో మంచం వేసుకుందట. తెల్లారి కొడుకు లేపితే లేవలేదట.

గిరిబాబు విని వచ్చాడు. "మంచి మనిషి," అన్నాడు. తర్వాత, "కప్పేవోళ్ళు బయల్దేరిపోయారు," అన్నాడు.

దుర్గ పిల్లను మొగుడి చేతికిచ్చి నిచ్చెన ఎక్కింది. అటక నిండా బీటలు. ఉయ్యాలకు సరిగ్గా పైన మొదలుపెట్టింది. తడి చేత్తో అద్ది, రాయితో రుద్దింది. తొమ్మిదికి తాటాకుల బండి వచ్చింది.

"దిగమ్మా, ఏసేస్తాం."

"ఇంకో మూరుంది, ఉండండి. ఆ బీడీ అవతలకెళ్ళి కాల్సుకోండి."

వాళ్ళు గొణుక్కుంటూ గేటు దాకా వెళ్ళారు. చివరి బీట గుమ్మం పైన మూసుకుంది. పిల్ల ఏడుపు వినబడి దుర్గ దిగిపోయింది. వాళ్ళు ఆకు కప్పేశారు.

మధ్యాహ్నం చేతులు కడుక్కుంటుంటే దుర్గకు గుర్తొచ్చింది. రాయి పైనే ఉండిపోయింది, తాటాకు కింద, ఆరుతున్న మట్టి మీద, అరిగిన వైపు కిందకి.