సదానందం ఎంచిన ఇంజను

మట్టెవాడలో జంపఖానాల దుకాణం ఉన్న సదానందానికి తెలియని విషయం లేదు. మగ్గాలవాళ్లకు నూలు పంపడం, ఆర్డర్లు చూడడం, అమ్మకాలు అన్నీ భార్య సంధ్యారాణి చేతిమీద నడిచేవి కాబట్టి, లోకజ్ఞానం సంపాదించుకోవడానికి ఆయనకు కావలసినంత తీరిక ఉండేది. పొద్దున పదింటికి దుకాణం ఎదుటి చాయ్ హోటల్లో కూర్చున్నాడంటే, వానలు ఎందుకు వెనకబడ్డాయో, డాక్టర్లు ఎక్కడ పొరపడుతున్నారో మధ్యాహ్నం అన్నంవేళకల్లా తేల్చేసి లేచేవాడు.

ఆయన పికప్ బండి ఇంజను ఆ ఎండాకాలం పోయింది. పోయేముందు మర్యాదగా చెప్పింది కూడా. జనగామ దాటాక స్టీరింగు ముందు ఎర్రలైటు వెలిగింది. "కంప్యూటర్ ఇంజన్లు గిట్లనే బెదిరిస్తయి" అని సదానందం ఆ లైటు మీద ఒక స్టిక్కర్ అంటించి బండి పోనిచ్చాడు. రేడియేటర్లో చుక్క నీళ్లు లేవన్న సంగతి మరో ఇరవై కిలోమీటర్ల తర్వాత, ఇంజను బిగుసుకుపోయి రోడ్డు మీద నిలబడ్డాక తెలిసింది.

"సూసినవా? కంప్యూటర్ ఇంజన్లను నమ్మద్దని నేను ముందే చెప్పిన" అన్నాడు భార్యతో ఫోన్లో.

మెకానిక్ లియాఖత్ అలీ ముప్పయ్యేళ్లుగా డీజిల్ బండ్లు విప్పి బిగిస్తున్నవాడు. మాట పొదుపు. కాలిపోయిన ఇంజను చూసి, "సేఠ్, గిదే బండి పాత మోడల్ ఇంజను పెడదాం. దాంట్ల కంప్యూటర్ ఉండది. బోల్టుకు బోల్టు కూసుంటది. కాగితాలున్నది సూసి తీస్కుందాం" అన్నాడు.

అందులో సదానందం చెవిన పడింది ఒకే మాట, 'పాత'. దాన్ని పట్టుకుని హోటల్‌కు వెళ్లాడు. అక్కడ స్టేషనరీ దుకాణం పండరి, తన బావ నడిపిన లారీ ఇంజను పదిహేనేళ్లు మూత విప్పకుండా నడిచిందని చెప్పాడు. ఆ బావ లారీ ఎన్నడూ నడపలేదని, క్లీనర్‌గా ఆర్నెల్లు పోయి వచ్చాడని అందరికీ తెలిసినా, ఎవరూ అడ్డు చెప్పలేదు. అప్పటి ఇనుమే వేరని ఒకరు, అప్పటి డీజిలే వేరని ఇంకొకరు అన్నారు. మూడో చాయ్ అయ్యేసరికి సదానందం పికప్‌కు లారీ ఇంజను ఖాయమైంది.

వర్ధన్నపేటలో వెంకట్రాజం పాత ఇంజన్ల షెడ్డుకు లియాఖత్‌ను వెంటబెట్టుకుని వెళ్లిన రోజు పొద్దుటినుంచీ ముసురు పట్టింది. షెడ్డులో ఒక మూల, అదే పికప్ పాత మోడల్ ఇంజను ఉంది. చిన్నది, జిడ్డోడుతూ, చూడగానే చేతులు కడుక్కోవాలనిపించేలా ఉంది. లియాఖత్ దాన్ని నడిపించి, ఆయిల్ పోసే మూత తీసి, రంధ్రం మీద అరచేయి పెట్టాడు.

"గాలి తంతలేదు సేఠ్. లోపల గట్టిగుంది. కాగితాలు గూడ ఉన్నయి. గిది తీస్కో."

సదానందం అటు చూడనైనా లేదు. ఆయన కళ్లు షెడ్డు నడుమ దిమ్మె మీద, కొత్తగా నీలం రంగు పూసుకుని పెళ్లికొడుకులా కూర్చున్న లారీ ఇంజను మీద ఉన్నాయి. లియాఖత్ దాని దగ్గరికి వెళ్లి ఒంటి మీద చెయ్యి పెట్టి, వెంకట్రాజం వైపు చూశాడు. వెంకట్రాజం పైకప్పు వైపు చూశాడు.

"గిది వేడిగుంది సేఠ్. మనం రాకముందే నడిపి పెట్టిండ్లు. సల్లగున్నప్పుడు ఎట్ల లేస్తదో సూడాలె."

"ఎండకు వేడెక్కుంటది భాయ్" అన్నాడు సదానందం. రేకుల మీద వాన టపటపా కొడుతూనే ఉంది.

వెంకట్రాజం స్టార్ట్ చేశాడు. ఒక్క తిప్పుకే లేచింది. నేల అదిరింది, కోళ్లు చెల్లాచెదరయ్యాయి, బయట రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి తొంగిచూశారు. సదానందానికి ఒళ్లు జలదరించింది. తన జీవితంలో ఇంతమంది ఒకేసారి తనవైపు తిరిగి చూడడం పెళ్లినాటి తర్వాత ఇదే.

"సేఠ్, గిది పికప్‌ల పట్టది. కాగితాల్లేవు. ఆర్టీవో ఆఫీసోళ్లు ఒప్పుకోరు. మూత తీసి సూడనియ్యి..."

"లియాఖత్ భాయ్, బిగించుడు చేతి పని. అది నువ్వు చెయ్. ఎంచుడు బుర్ర పని. అది నాకు ఇడిసిపెట్టు."

లియాఖత్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మంచిది. రేపేమన్నయితే మాత్రం నన్నడగద్దు" అన్నాడు.

బిగించడానికి ఇరవై రోజులు పట్టింది. ఇంజను లోపల పట్టక రేడియేటర్‌ను ముందుకు జరిపారు. అప్పటికీ పట్టక డ్రైవర్ కాళ్ల దగ్గరి రేకును లోపలికి కొట్టారు. బానెట్ మూతపడక దానికి బొక్క కోస్తే, గాలి పీల్చే గొట్టం అందులోంచి తల బయటపెట్టింది. లారీ స్టార్టర్‌కు ఒక బ్యాటరీ చాలక రెండోదాన్ని క్యాబిన్లో పెట్టారు.

"మరి నేనేడ కూసోవాలె?" అంది సంధ్యారాణి.

"బ్యాటరీ మీద కాళ్లు పెట్టుకొని కూసో. సోఫా లెక్కుంటది."

మొదటి ప్రయాణం పాలంపేటకు. అక్కడ సంధ్యారాణి తమ్ముడు పెద్దులు వరి పండిస్తాడు, ట్రాక్టరుంది, బావ తెలివితేటల మీద ఏనాడూ గౌరవం చూపలేదు. కొత్తిల్లు కట్టుకున్నాడని అక్క పెద్ద జంపఖానా ఒకటి నేయించింది. నెమళ్ల అంచు, నాలుగు మడతలు వేస్తే పరుపంత మందం. దాన్ని ఇవ్వడం ఆమె పని, ఇంజనును చూపించడం ఆయన పని.

గంటన్నర దారికి మూడు గంటలు పట్టింది. లారీ ఇంజను నిదానంగా తిరిగే రకం, పికప్ గేర్లకూ దానికీ పొత్తు కుదరలేదు. ఎంత తొక్కినా నలభై దాటలేదు. బరువుకు బండి ముందుకు వంగి, నేల మీద ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు నడిచింది. ములుగు దగ్గర గడ్డిమోపుల ట్రాక్టరు ఒకటి వాళ్లను దాటుకుని పోయింది.

"తాకత్ సూడు, తాకత్" అన్నాడు సదానందం, ఇంజను మోతకు మించి అరుస్తూ.

"ట్రాక్టర్‌దా?" అంది సంధ్యారాణి.

పెద్దులు ఇంటిముందు, నాట్లు పడుతున్న పొలాల అంచున బండి ఆపి, సదానందం తాళంచెవి తిప్పి బయటికి లాగాడు. ఇంజను ఆగలేదు. ఆపే నాబు పూర్తిగా లాగాడు. డీజిల్ ఆగింది, ఇంజను ఆగలేదు. పైగా ఎవరూ తొక్కకుండానే మోత పెరగసాగింది. బలవంతంగానైనా ఆపేద్దామని టాప్ గేరు వేసి బ్రేకు తొక్కి పట్టాడు. క్లచ్ కాలిన కంపు వచ్చింది తప్ప లాభం లేదు. తెల్లటి పొగ ఇంటినీ, పొలాన్నీ, నాటువేసే ఆడవాళ్లనూ కమ్మేసింది. బండి మొత్తం జ్వరం వచ్చినట్టు వణికింది.

అప్పుడు సదానందం ఒక నిర్ణయం తీసుకున్నాడు. డోరు తీసి దూకి, భార్యకంటే ముందు గడ్డివాము వెనక్కి చేరాడు.

అక్కణ్నుంచి లియాఖత్‌కు ఫోన్ చేశాడు. "ఆఁ? ఏంది? ఇనబడ్తలేదు!" అని అరవడమే తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. బ్యాటరీ మీదినుంచి కాళ్లు విడిపించుకుని దిగొచ్చిన సంధ్యారాణి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని, గట్టు వెంట దూరంగా నడిచింది.

"చెల్లె, అది ఇప్పుడు డీజిల్ తాగుతలేదు" అన్నాడు లియాఖత్. "లోపల అరిగిపోయి, కింది ఆయిల్ పీల్చుకొని అదే తాగుతాంది. గాలి బంద్ చెయ్యాలె. బానెట్ మీద బయటికొచ్చిన గొట్టముంది సూడు, దాని నోరు మందమైన బట్టతోని ముయ్యండ్రి. చెయ్యి మాత్రం పెట్టద్దు. జర పక్కకు నిలబడుండ్రి."

సంధ్యారాణి వెనక్కి పరుగెత్తింది. బండిలో మందమైన బట్ట ఒకటే ఉంది. ఆమె ఒక్క క్షణం నెమళ్ల అంచు వైపు చూసి, మడతల జంపఖానాను తమ్ముడి చేతికిచ్చింది. "తమ్మీ, గిది నీకే తెచ్చిన. తీస్కపోయి దాని మూతి మీద పెట్టు."

పెద్దులు దాన్ని గొట్టం మీద వేసి, పైన చెక్కపీటతో అదిమాడు. ఇంజను జంపఖానాను లోపలికి లాక్కోబోయింది, రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టింది, ఒక్క కుదుపుతో చచ్చింది.

పొలమంతా నిశ్శబ్దం. కప్పల అరుపులు వినబడ్డాయి. నడుం ఎత్తి చూసిన సమ్మమ్మ అనే నాటుకూలి, గడ్డివాము వెనకనుంచి వస్తున్న సదానందాన్ని మర్యాదగానే అడిగింది: "అయ్యా, గిది దున్నే మిషినా, కోసే మిషినా?"

నాటు వేసేవాళ్లందరూ వంగి నవ్వారు. పెద్దులు మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే సదానందానికి ఎక్కువ కష్టంగా తోచింది.

మర్నాడు పెద్దులు ట్రాక్టరుకు తాడు కట్టి పికప్‌ను వరంగల్ దాకా లాక్కొచ్చాడు. దారి పొడుగునా సదానందం కిటికీలోంచి తల బయటపెట్టి, మలుపు ఎట్లా తిప్పాలో పెద్దులుకు చెబుతూనే ఉన్నాడు. ట్రాక్టరు మోతలో పెద్దులుకు వినబడలేదు. వినబడిందేమో కూడా, చెప్పలేం.

సంధ్యారాణి తానే లియాఖత్‌తో వర్ధన్నపేట వెళ్లింది. చిన్న ఇంజను అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు. దాన్ని కొన్నవాడు అదృష్టవంతుడని వెంకట్రాజమే ఒప్పుకున్నాడు. అలాంటిదే మరొకటి ఖమ్మంలో దొరికేసరికి ఇంకో నెల గడిచింది. అది నాలుగు రోజుల్లో బోల్టుకు బోల్టు కూర్చుంది. ఆర్టీవో ఆఫీసులో కాగితాలూ అయ్యాయి. కొత్త బానెట్ వచ్చింది. బండి హైదరాబాద్‌కు సరుకు వేసుకుపోయి వచ్చింది. రోడ్డు మీద ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

ఆ సంగతే సదానందాన్ని తినేసింది. హోటల్లో పండరి అడిగాడు: "బండెట్ల నడుస్తాంది సదన్నా?"

"నడుస్తాంది" అన్నాడు సదానందం.

పండరి ఇంకేదో వస్తుందని చాలాసేపు ఎదురుచూశాడు. రాలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు: "పాణం మంచిగనే ఉందా అన్నా? దవాఖానకు పోదామా?"

ఈ మౌనం నాలుగు రోజులు సాగింది. ఐదో రోజు పక్కవీధి ఓంప్రకాశ్ వచ్చి, బోరుకు ఎలాంటి మోటారు వేయిస్తే మంచిదని ఎవరినో అడుగుతుంటే, సదానందం కుర్చీ అటు జరుపుకున్నాడు.