వింకో ముట్టని స్విచ్చి

పెర్త్ నగరం అంచున, స్పియర్‌వుడ్‌లో కూరగాయలు పండించే క్రొయేషియా వాళ్లందరిలోకీ వింకో మాటకారి. ఆ మాటల్లో సగం తన ఇంటికప్పు మీదున్న, నీళ్లు కాచే సోలార్ హీటర్ గురించే. "పైవాడు ఊరికే కాచిపెడుతున్నాడు, మనం పోసుకోవడమే" అంటూ క్లబ్బులో మీసం మెలేసేవాడు. మబ్బు పట్టిన రోజుల కోసం ఆ హీటరుకి కరెంటు స్విచ్చి కూడా ఒకటుంది. బట్టలుతికే గదిలో ఉన్న ఆ స్విచ్చికి వింకో నల్లటేపు అంటించేశాడు. ముసురు పట్టినప్పుడు ఇంటిల్లిపాదీ గోరువెచ్చని నీళ్లతో వణుక్కుంటూ సరిపెట్టుకున్నారే తప్ప, ఇన్నేళ్లలో ఆ టేపు జోలికి పోయినవాళ్లు లేరు.

ఆయన్ని ఆటపట్టించగల మొనగాడు స్టీపె ఒక్కడే. పెరట్లో కట్టెల బాయిలరున్న మనిషి. "స్విచ్చి వేసిన రోజు నాకు చెప్పు వింకో, ఊరంతా చాటింపు వేయిస్తా" అనేవాడు. ఇంత ఊళ్లో వేరే అబ్బాయే లేనట్టు, వింకో కూతురు నెవెంక సరిగ్గా ఆ స్టీపె కొడుకు మీదే మనసు పడింది. తోటపనులు తక్కువగా ఉంటాయని జూలైలో పెళ్లి పెట్టుకున్నారు. అక్కడ జూలై అంటే నడి చలికాలం. వారమంతా వాన వదల్లేదు.

పెళ్లిరోజు పొద్దున తోడిపెళ్లికూతుళ్లు ఒకరి తర్వాత ఒకరు తీరిగ్గా స్నానాలు కానిచ్చారు. ఆఖరున నెవెంక తలకు షాంపూ పట్టించి కుళాయి తిప్పిందో లేదో, ఇంటికప్పు ఎగిరేలా కేక పెట్టింది.

"మంచునీళ్లు! అమ్మా, మంచునీళ్లు!"

వింకో భార్య జోర్కా మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి స్విచ్చి ముందు నిలబెట్టింది.

"తియ్యి ఆ టేపు."

"ఆగవే, మబ్బు విడుతోంది. అదిగో, కిటికీలోంచి చూడు, తెల్లగా..."

"అది పక్కింటాయన వ్యానయ్యా!"

"పోనీ, పొయ్యి మీద గిన్నెతో కాచెయ్."

"పొయ్యి మీద పెళ్లివంట ఉడుకుతోంది. దించేసి చుట్టాలకి నీ సోలార్ గొప్పలు వడ్డించనా?"

"స్టీపెకి తెలిస్తే నన్ను బతకనిస్తాడా?"

"పిల్ల చర్చిలో తుమ్ముతూ కూర్చుంటే నేను బతకనిస్తానా?"

ఇంతలో నెవెంకే వచ్చింది. ఒంటికి తువ్వాలు, నెత్తిన నురగ, నీలం తిరిగిన పెదాలు. మామూలుగా అయితే తండ్రితో ఒంటికాలి మీద లేచి యుద్ధానికి దిగే పిల్ల. ఆ రోజు మాత్రం "నాన్నా, చలేస్తోంది" అంది, అంతే. వింకో గుండె కరిగి నీరైంది. గోళ్లతో గీకి టేపు పీకి, స్విచ్చి వేసేశాడు.

"కాగడానికి గంట పడుతుంది" అని గొణిగాడు. అప్పుడే వీధిలో కార్ల హారన్లు, అకార్డియన్ పాట వినిపించాయి. మగపెళ్లివారు దిగిపోయారు!

గేటు దగ్గర వాళ్లు బేరమాడి పెళ్లికూతుర్ని గెలుచుకోవాలి. అసలు పిల్ల కంటే ముందు ఒక దొంగ పెళ్లికూతుర్ని చూపించి ఏడిపించడం క్రొయేషియా వాళ్ల ఆనవాయితీ. ఆ వేషం పక్కవీధి తాతకి ఇచ్చారు.

"తాతెందుకు, నేనే వెళ్తా" అన్నాడు వింకో. "వాళ్లని గంటసేపు ఆపాలంటే నా నోరే కావాలి."

ప్యాంటు మీదే జోర్కా పూలలంగా కట్టుకుని, కిటికీకున్న లేసు తెర నెత్తిన కప్పుకుని గేటు దగ్గరికి ఒయ్యారంగా నడిచాడు. తెర కింద మీసం చూసి మగపెళ్లివారు పొట్టలు పట్టుకుని నవ్వారు. స్టీపె ఒక పంది తొడ ఇస్తానన్నాడు.

"ఇంత అందానికి ఒక్క తొడేనా బావగారూ? సిగ్గులేదూ?"

స్టీపె వైను పీపా కలిపాడు. వింకో మూతి తిప్పుకున్నాడు. పెళ్లికొడుకు పాట పాడాలన్నాడు. పాడాక, శ్రుతి తప్పిందని మళ్లీ పాడించాడు. అలా గంట కావస్తుండగా, సరుకు దగ్గర్నుంచి చూస్తానంటూ స్టీపె గేటు తోసుకుని గుమ్మం దాకా వచ్చేశాడు. ఆ గుమ్మం పక్క గోడకే కరెంటు మీటరుంది.

"బావగారూ, మీ మీటరేంటి అంత గిర్రున తిరుగుతోంది?"

అందరి చూపులూ మీటరు మీదికి మళ్లాయి. ఆ స్విచ్చి సంగతి తెలియనివాళ్లు అక్కడెవరూ లేరు. ఆడపిల్లలు జుట్టు ఆరబెట్టుకునే మిషన్లు పెట్టారని చెప్పేస్తే సరిపోయేది. ఆ అబద్ధం వింకో నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే లోపల నీళ్ల చప్పుడు మొదలైంది, దాంతోపాటు నెవెంక పాట. నీళ్లు వేడిగా ఉంటేనే ఆ పిల్ల పాడుతుంది.

వింకో తెర పైకెత్తాడు.

"తిరగనీ బావగారూ. స్విచ్చి నేనే వేశాను. లోపల నా కూతురు స్నానం చేస్తోంది. నా ఇంటి పిల్లగా దానికిదే ఆఖరి స్నానం."

స్టీపె నోట్లో అప్పటికే ఒక వెటకారం తయారుగా ఉంది. దాన్ని గుటుక్కున మింగేశాడు. అకార్డియన్ వాడి వైపు తిరిగి గట్టిగా అరిచాడు.

"వాయించవయ్యా! అమ్మాయి తీరిగ్గా పోసుకోనీ!"

అని వింకో నడుం పట్టుకున్నాడు. వానజల్లులో, జారిపోతున్న లంగాని ఒక చేత్తో పట్టుకుని వింకో, వియ్యంకుడితో కలిసి చిందులేశాడు. గోడ మీద మీటరు తిరుగుతూనే ఉంది. వింకో ఒక్కసారి కూడా అటు చూడలేదు.