రాణిగారికి బస్సు తప్పిపోయిన రోజు

పాడైపోయిన బస్సు కన్నా ప్రశాంతమైన చోటు ఈ లోకంలో లేదని రాణిగారి నమ్మకం.

రాణిగారంటే మనిషి కాదు, కోడి. బస్సుల షెడ్డు మేస్త్రి భార్య పెంచుకుంటున్న గోధుమరంగు పెట్ట. నడిచేటప్పుడు ఒక కాలు పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, ఆ నేల తన పాదానికి తగినదో కాదో చూసుకుని మరీ దింపుతుంది. అందుకని ఆ పేరు వచ్చింది.

విడిభాగం ఒకటి దొరక్క ఓ పాత బస్సు నెలరోజులుగా షెడ్డులో మూలనపడి ఉంది. దాని డ్రైవరు సీటు కింద మూతలేని రేకు పెట్టె ఉంది. అందులో ఉండాల్సిన స్పానర్లూ సుత్తీ మేస్త్రి బయటికి తీశాడు. తిరిగి పెట్టడం మర్చిపోయాడు. చేతులు తుడుచుకునే పాతగుడ్డలు మాత్రం అడుగున మిగిలాయి. రాణిగారు అందులో ఒక కాలు పెట్టింది, ఆగింది, రెండో కాలు కూడా పెట్టింది. రోజుకొకటి చొప్పున ఐదు గుడ్లు పెట్టి, వాటిమీద కూర్చుంది.

"గుడ్లు ఎక్కడ పెట్టిందే ఈ దొంగమొహంది!" అని మేస్త్రి భార్య మంచాల కిందా బకెట్లలోనూ వెతికేది.

"నీ కోడి గుడ్లు నీకే దొరకట్లేదు, నా స్పానర్లు నాకెలా దొరుకుతాయి?" అనేవాడు మేస్త్రి.

రోజుకొక్కసారి, పావుగంటసేపు మాత్రం రాణిగారు కిందికి దిగేది. నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, షెడ్డు వెనక దుమ్ములో పొర్లి, గబగబా వెళ్ళిపోయేది. ఇరవయ్యో రోజు పొద్దున కూడా అలాగే దిగింది. రేపో మాపో పిల్లలు బయటికొస్తాయి. ఆ సంబరంలో కాస్త ఎక్కువసేపే పొర్లింది.

సరిగ్గా అప్పుడే ఆ విడిభాగం వచ్చింది. మేస్త్రి దాన్ని బిగించి, డ్రైవరుకు సైగ చేశాడు. ఇంజన్ మొదటిసారికే గుర్రుమంది.

"అయ్యో, స్టార్టయిపోయిందే!" అన్నాడు మేస్త్రి.

"బాగుచేసినవాడివి నువ్వే ఆశ్చర్యపోతే నేను ఏ ధైర్యంతో నడపాలయ్యా?" అన్నాడు డ్రైవరు.

టికెట్ల సంచీ వేసుకుని కండక్టరమ్మ ఎక్కింది. "రైట్!" అంది. బస్సు గేటు దాటింది.

గేటు దగ్గర ఓ నల్లకుక్క ఉంటుంది. రోజంతా పడుకుని అందరి పనీ చూస్తుంది, తను ఏమీ చెయ్యదు. అందుకే దాని పేరు సూపర్‌వైజరు. బస్సు బయటికి వెళ్ళినప్పుడల్లా మాత్రం లేచి, మొరుగుతూ వీధి మలుపుదాకా తరుముతుంది. ఆరోజూ అలాగే తరిమి, నాలుక వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"చూశావా రాణమ్మా, ఎలా తరిమేశానో! ఇంక ఇటువైపు రాదు."

దుమ్ము దులుపుకుంటూ వచ్చిన రాణిగారు ఖాళీ మూలను చూసింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏం తరిమావు నాయనా! నా ఐదుగురు పిల్లలూ అందులోనే ఉన్నారు!"

సూపర్‌వైజరు నాలుక నోట్లోకి వెళ్ళిపోయింది. "అందులోనా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే ఊరంతా మొరుగుతావని! చల్లబడితే నా పిల్లలు బతకరు. పద, ఎటు వెళ్ళిందో చూపించు!"

కుక్క ఇబ్బందిగా ఒళ్ళు గోక్కుంది. మలుపు అవతలికి అది ఎన్నడూ వెళ్ళలేదు. అక్కడినుంచి వేరే కుక్కల రాజ్యం. కానీ రాణిగారు అప్పటికే పరుగెత్తుతోంది. ఈసారి నేల తగినదో కాదో చూసుకోలేదు. ఆ పరుగు చూశాక సూపర్‌వైజరు కూర్చోలేకపోయింది.

దారి కనుక్కోవడం కష్టం కాలేదు. మన మేస్త్రి బాగుచేసిన బండి కదా, పది అడుగులకొక నూనె చుక్క రాల్చుకుంటూ పోయింది. కుక్క ముక్కు నేలకు ఆనించి ముందు, కోడి వెనక.

కూరల బజారు దగ్గర మూడు కుక్కలు అడ్డం వచ్చాయి. "ఎవడ్రా నువ్వు? మా వీధిలో ఏం పని?"

సూపర్‌వైజరుకు తోక ముడుచుకుపోయింది. అయినా తల ఎత్తి, "డ్యూటీలో ఉన్నాను, దారివ్వండి!" అంది.

"ఏం డ్యూటీ?"

"నేను చెబుతాను!" అంటూ రాణిగారు ఈకలన్నీ నిక్కబొడుచుకుని, మూడింతలై, మూడింటి ముక్కుల మీదా తలా ఒక పోటు పొడిచింది. పొదిగే కోడి కోపం ఎలాంటిదో ఆ కుక్కలు అంతకుముందు చూడలేదు. కుయ్యోమంటూ క్యాబేజీ బుట్టల వెనక్కి దూరాయి. "ఎవరిదమ్మా ఈ కోడి!" అని కూరలమ్మాయి అరుస్తుండగానే ఇద్దరూ బజారు దాటేశారు.

మందుల దుకాణం దగ్గరికొచ్చేసరికి రాణిగారికి ఊపిరి అందలేదు. పైన పావురాలు హాయిగా ఎగిరిపోతున్నాయి. అది ఆకాశంకేసి చూసింది. "దేవుడా, రెక్కలిచ్చావు, ఈకలిచ్చావు, ఆ మిగిలిన కాస్తా ఎందుకివ్వలేదు స్వామీ?" అంది. అది గొణుగుడో, ప్రార్థనో నేను చెప్పలేను. రెండింటికీ మధ్య గోడ నాకూ ఒక్కోసారి కనిపించదు.

జవాబేదీ పైనుంచి రాలేదు. పక్కనుంచి వచ్చింది.

"నా వీపెక్కు రాణమ్మా. గోళ్ళు మాత్రం గుచ్చకు," అంది సూపర్‌వైజరు.

ఎక్కింది. కుక్క పరుగు, కోడి సవారీ! గడ్డం గీయించుకుంటున్న ఓ పెద్దమనిషి సగం సబ్బుతో బయటికొచ్చి చూశాడు.

అదృష్టం బాగుండి రైలు గేటు పడింది. బండ్ల వరసలో వాళ్ళ బస్సూ ఆగి ఉంది. రాణిగారు ఒక్క గెంతు గెంతి మెట్టెక్కింది.

కండక్టరమ్మ చేయి అడ్డం పెట్టింది. "హుష్! కోళ్ళూ మేకలూ ఎక్కకూడదు. అదిగో, బోర్డు చూడు!"

"కోడికి చదువు వచ్చా తల్లీ?" అంది ముందుసీటులోని బామ్మ.

ఈలోగా రాణిగారు ఆ చేతి కిందనుంచి దూరి, డ్రైవరు సీటు కిందికి వెళ్ళిపోయింది. డ్రైవరు వంగి చూశాడు. పాతగుడ్డల్లో ఐదు గుడ్లు! ఒక్కటీ పగల్లేదు. మేస్త్రి ఆ పెట్టెలో స్పానర్లు సర్ది ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం. డ్రైవరు ఒక గుడ్డు తీసి చెంపకు ఆనించుకున్నాడు.

"వెచ్చగా ఉందమ్మోయ్! పక్కన ఇంజన్ ఉందిగా, అదే పొదిగింది." చెవి దగ్గర పెట్టుకున్నాడు. "లోపల కిచకిచమంటోంది!"

ఒక్కొక్కటే విన్నాడు. నాలుగు పలికాయి. ఐదోది పలకలేదు. రాణిగారు ఐదింటినీ కడుపు కిందికి లాక్కుని కూర్చుంది.

"రూలు రూలే," అంది కండక్టరమ్మ. గొంతులో మాత్రం పట్టు లేదు.

"ఇన్నాళ్ళుగా ఇది ఆవిడిల్లు. మనమే ఆవిడింట్లోకి టికెట్ కొనుక్కుని వచ్చాం," అంది బామ్మ. బస్సంతా నవ్వింది. కండక్టరమ్మ కిటికీకేసి తిరిగి, "గేటు లేచింది, పోనివ్వండి. గతుకుల్లో మెల్లగా!" అంది. ఆరోజు ఆ బస్సును సైకిళ్ళు కూడా దాటిపోయాయి. దాని వెనకాలే సూపర్‌వైజరు, తరమకుండా, మర్యాదగా నడిచి వచ్చింది.

షెడ్డు చేరాక ఆఫీసునుంచి ఫోను వచ్చింది, సాయంత్రం బస్సు కావాలని. మేస్త్రి పెట్టెలోకి ఒకసారి చూసి, "ఇంకో పూట పనుంది సార్," అన్నాడు. అబద్ధమాడకూడదని మా ఇంట్లో పిల్లలకు చెబుతాను. దీన్ని మాత్రం వాళ్ళకెలా వివరించాలో తెలియక ఆలోచిస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దునకు నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. పసుపుపచ్చటి ఉండల్లా ఉన్నాయి. పెట్టె అంచెక్కి, కిందికి పోదామని ఒకటే గోల. ఐదో గుడ్డు మాత్రం చలనం లేకుండా ఉంది. తల్లి వెళ్ళాలా, ఉండాలా? వెళితే అది చల్లబడుతుంది. ఉంటే ఈ నాలుగూ ఆకలికి ఏడుస్తాయి.

"మురిగిపోయిందేమోనండీ," అంది మేస్త్రి భార్య, మెల్లగా.

"నా పనీ అందరికన్నా ఆలస్యంగానే అవుతుంది. అలాగని అవకుండా పోయిందా?" అన్నాడు మేస్త్రి.

ఆమె గుప్పెడు నూకలు తెచ్చి పెట్టెలోనే చల్లింది. గోల ఆగింది. రాణిగారు కదల్లేదు. తొమ్మిదింటికి బస్సు బయల్దేరాలి. ఎనిమిదిన్నరకే డ్రైవరూ కండక్టరమ్మా వచ్చి నిలబడ్డారు. తొమ్మిదైంది. ఆఫీసు ఫోను మోగింది. ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు వినిపించింది. టిక్. మళ్ళీ, టిక్.

రాణిగారు గుడ్డు దగ్గరికి తల వంచి, లోపలివాళ్ళకు మాత్రమే వినిపించేంత చిన్నగా ఏదో అంది. లోపలినుంచి కీచుమని జవాబొచ్చింది. గంటన్నర పట్టింది. పెంకు రెండై, తడితడిగా, బక్కగా, కోపంగా ఓ పిల్ల బయటపడింది. ఐదోది.

అది ఆరేదాకా ఆగి, రాణిగారు బస్సు దిగింది. నాలుగు పిల్లలు మెట్టు మెట్టుకూ గెంతి, తల్లి వెనకాల పడ్డాయి. ఐదోది ఆఖరి మెట్టు మీద ఆగి, కిందికి చూసి, వెనక్కి జరిగింది.

"అదేమిటి సార్, దిగండి, మీ స్టాపు వచ్చింది," అంటూ కండక్టరమ్మ అరచెయ్యి చాపింది. పిల్ల ఎక్కి కూర్చుంది. ఆమె వంగి దాన్ని నేలమీద దింపి, తల్లి రెక్క కింద అది పూర్తిగా దూరేదాకా చూసి, అప్పుడు అంది:

"రైట్!"