వెతూరియా గుడ్డకి వెనకవైపు

పొద్దున్నే మిల్లు మెట్లెక్కి పై అంతస్తుకి రాగానే వెతూరియా చేసే మొదటి పని తన కత్తెర వాసన చూడటం. నవ్వకండి. ఎవరైనా ముట్టుకుంటే వాళ్ళ సబ్బు వాసన పిడికి అంటుకుంటుందని ఆవిడ నమ్మకం. తర్వాత కాఫీ డబ్బా మూత తీసి పొడి ఎంత తగ్గిందో చూస్తుంది. తర్వాత కిటికీ పక్కనున్న తన కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగొస్తుంది. ఏదైనా కదిలుంటే ఎవరో కదిపారని గొడవ. ఏదీ కదలకపోతే ఇంకా గొడవ. "అన్నీ ఇంత పద్ధతిగా ఉన్నాయంటే ఎవరో వాడి, మళ్ళీ సర్దిపెట్టారన్నమాట" అంటుంది. అనుమానం పెనుభూతం అంటారే, మా ఊళ్ళో ఆ భూతానికి ఎర్ర తలగుడ్డ, అరవై దాటిన వయసు, పేరు వెతూరియా.

తిర్నావా నది ఒడ్డున మా నూలు మిల్లు ఎప్పుడో మూతపడింది. యంత్రాలన్నీ పాత ఇనుముకి పోయాక పై అంతస్తు కుట్టుపని కళాకారులకి వదిలేశారు. వెతూరియా పాత దుప్పట్లు అతికించి, గోడంత చట్రానికి బిగించి, తనుండే అపార్టుమెంటు బాల్కనీలన్నీ కుడుతోంది. ఆరేసిన లాగులు, క్యాబేజీ ఊరేసిన పీపాలు, పెళ్ళాం గెంటేస్తే బయటే నిద్రపోయిన మొగుళ్ళు, ఏదీ వదల్లేదు. శరదృతువులో తిమిషోవారా నగరంలో పెద్ద ప్రదర్శన ఉంది, దానికి ఇది వెళ్ళాలి. ఆవిడ పక్కన ఓతిలియా. ఆసుపత్రి వాళ్ళు పారేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద, విరిగిన ఎముకల చుట్టూ పూలు కుడుతుంది. మూడోది డోయినా. వసంతంలో సరిహద్దులోని ప్రూత్ నది అవతలి దేశం నుంచి వచ్చిన పిల్ల, ఉల్లిపాయల వల సంచుల మీద ఉన్నితో కుడుతుంది.

ఇక మా ఊరి కుట్టు సంగతి మీకు తెలిసిందే అనుకుంటాను. తెలియకపోతే వినండి. ముందువైపు నువ్వు కుట్టింది పడుతుంది. వెనకవైపు, కుట్టేటప్పుడు నీ మనసులో ఏముంటే అది పడుతుంది. గులాబీ కుడుతూ తోడికోడలి నెక్లెసు గురించి ఆలోచించావా, ముందు గులాబీ, వెనక నెక్లెసు. అందుకే చట్రం వెనక అస్తరు గుడ్డ వేలాడదీసి నాడాలతో కట్టుకుంటాం. పని అయిపోయాక దాన్ని కుట్టేస్తాం. ఒకరి అస్తరు ఇంకొకరు ఎత్తడమంటే స్నానాలగది తలుపు నెట్టడమే. మా చిన్నమామయ్య ఒకసారి, తను చేసుకోబోయే పిల్ల కుట్టిన తలగడ గలీబు తిప్పి చూశాడు. వెనక మా పెద్దమామయ్య మీసాలు. ఇప్పుడావిడ మాకు పెద్దత్తయ్య. ఓతిలియా కుట్టే ఎక్స్‌రేకి అస్తరు వేస్తే అందం పోతుంది కాబట్టి, పక్కన రేడియోలో ఫుట్‌బాల్ పెట్టుకుని మనసు ఖాళీ చేసుకుని మరీ కుడుతుంది. అందుకే ఆవిడ పూల వెనక ఎప్పుడూ గోల్‌పోస్టులే ఉంటాయి.

ఆ పై అంతస్తుకి ఒక నియమం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ ఉండాలా పోవాలా అన్నది అందరికంటే పెద్దావిడ చెప్పాలి. సెప్టెంబరు దాటుతోంది, వెతూరియా ఇంకా నోరు విప్పలేదు. ఆవిడ వద్దంటే డోయినా దేశం దాటి బొలోన్యా పోక తప్పదు. మంచం పట్టిన ఒక ముసలాయన్ని చూసుకునే పని ఉందని అక్కడున్న పిన్ని కూతురు కబురు పెట్టింది. బస్సు శుక్రవారం. అలా వెళ్ళిన మా ఊరి ఆడవాళ్ళని చూశాం. పగలు పని, రాత్రి పని. వాళ్ళు మళ్ళీ సూది పట్టుకోలేదు. డోయినాకీ అది తెలుసు. అందుకే ఆ వారమంతా పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సరిగ్గా ఆ వారమే వెతూరియాకి తన గుడ్డ మీద అనుమానం వచ్చింది.

"ఓతిలియా, ఇలా రా. ఈ కమ్మీలు నేను కుట్టినవి కావు" అంది, బాల్కనీ మీద చేత్తో నిమురుతూ.

"ఎందుకు కావక్కా? బ్రహ్మాండంగా ఉన్నాయి."

"అదే నేననేది! ఎవరో విప్పి మళ్ళీ కుట్టారు. నా కుట్టు బిగువుగా ఉంటుంది. ఇది మెత్తగా ఉంది, చూడు."

ఓతిలియా రేడియో గొంతు తగ్గించింది. తలుపు దగ్గర ఉన్ని చిక్కు తీసుకుంటున్న డోయినా వైపు ఓరగా చూసి, వెతూరియా చెవి దగ్గరకొచ్చింది. "నేను చెప్పానని అనకు. ఆ పిల్ల పడుకునేది ఈ పక్క గదిలోనే. తాళం దాని దగ్గరే. నీ బాల్కనీలు విప్పి చూసి, ఎలా కుడుతున్నావో నేర్చుకుంటోందేమో. రేపు బొలోన్యాలో తన పేరు మీద పెట్టుకున్నా పెట్టుకుంటుంది. నిప్పు లేనిదే పొగ రాదక్కా."

"నాకు తెలుసు" అంది వెతూరియా. ఆవిడకి ఎప్పుడూ తెలుసు. ఎండాకాలం నుంచీ ఎన్ని కుట్రలు కనిపెట్టిందని! దారాల షాపువాడు నల్లదారమని చెప్పి నీలం అంటగడుతున్నాడు. మునిసిపాలిటీ వాళ్ళు ఎవరికీ చెప్పకుండా కరెంటు పల్చన చేశారు. సూదుల కంపెనీ వాళ్ళు లాభం కోసం సూది బెజ్జాలు చిన్నవి చేసేశారు. ఆవిడ లెక్కలో లోకమంతా మారిపోయింది, ఆవిడ కళ్ళు తప్ప.

ఇంటికెళ్ళేసరికి బాల్కనీలో ఆవిడ మొగుడు ఫిలిమోన్ మిరపకాయలు కాలుస్తున్నాడు. చలికాలానికి పచ్చడి చేసి సీసాలకెత్తే రోజులవి, ఊరంతా కాలిన మిరపకాయ వాసన.

"ఏమయ్యా, నా గుడ్డని ఎవరో ముట్టుకుంటున్నారు."

"నేను మాత్రం కాదు."

"నిన్నడిగానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

"ముప్ఫై ఏళ్ళుగా తడుముకుని తడుముకుని నా భుజాలు అరిగిపోయాయే" అన్నాడు ఫిలిమోన్, మిరపకాయ తొక్క వలుస్తూ. "అంత అనుమానముంటే వెనక్కి తిప్పి చూసుకో. నీ గుడ్డేగా. వేరే చెయ్యి పడితే ఆ చెయ్యి ఏమనుకుందో వెనక ఉండదూ?"

అవును కదా అనిపించింది వెతూరియాకి. ఎంత తేలికైన దారి! కానీ దాంతోపాటు తన మనసు కూడా బయటపడుతుంది కదా. పైగా అంత చట్రాన్ని గోడ దగ్గర్నుంచి లాగి తిప్పాలంటే ఒక్కతి వల్ల కాదు. ఇద్దరు కావాలి.

మర్నాడు పట్టపగలు, కిటికీల్లోంచి ఎండ నేల మీద పరుచుకున్న వేళ, నడుం మీద చేతులేసుకుని లేచింది. "ఇద్దరూ రండి. ఓతిలియా ఆ చివర పట్టుకో. నువ్వు ఈ చివర పట్టుకోవే పిల్లా. గుడ్డ తిప్పుతున్నాం."

డోయినా చేతిలోంచి ఉన్ని ఉండ జారి దొర్లిపోయింది. "పిన్నీ, వద్దు పిన్నీ."

"ఎందుకొద్దు? నీకేం పోయింది?"

చిత్రమేమిటంటే ఓతిలియా కూడా అడ్డం పడింది. "అక్కా, వదిలెయ్. రేపు ఊళ్ళో నీ పరువేం కాను? పోనీ పిల్లని పొమ్మను, సరిపోతుంది. వెనకలూ గినకలూ చూడటమెందుకు చెప్పు?"

"నా గుడ్డ, నా వెనక, నా ఇష్టం. పట్టుకోండి!"

చట్రం కిర్రుమంటూ తిరిగింది. వెతూరియా నాడాలు లాగేసింది. అస్తరు జారి నేల మీద పడింది.

ఏం చెప్పమంటారు! ఊరు ఊరంతా దొంగలే అక్కడ. పోస్టుమాన్ ఉత్తరాన్ని ఎండకి పట్టి చదువుతున్నాడు. దారాల షాపువాడు నాలుక బయటపెట్టి నవ్వుతున్నాడు. ఫిలిమోన్ కింది వాటా ఆవిడకి మిరపకాయల పళ్ళెం అందిస్తున్నాడు, అదీ చెయ్యి పట్టుకుని మరీ. డోయినా ఒకచోట దారపు రీళ్ళు రవికెలో దాస్తోంది, ఒకచోట తాళంచెవి మైనంలో అద్దుతోంది. ఓతిలియా బొమ్మ అయితే మూలమూలనా ఉంది. ఎక్కడ చూసినా వెతూరియా చెవిలో గరాటు పెట్టి ఏదో నల్లటిది పోస్తూనే ఉంది.

ఓతిలియా ముఖం చింతపండులా ముడుచుకుపోయింది. "ఛీ, ఇన్నాళ్ళ స్నేహానికి ఇదా అక్కా నీ మనసులో?"

వెతూరియా ముక్కు గుడ్డకి తగిలేంతగా వంగి ఉంది. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి తల తిప్పుతోంది. అప్పుడు అర్థమైంది ఓతిలియాకి కూడా. ఆవిడకి అక్కడేమీ కనిపించడం లేదు. తన మనసు ఎదురుగా ఉన్నా ఆవిడ చదవలేకపోతోంది.

ఇక వేళ్ళతో తడమడం మొదలుపెట్టింది. బిగువు కుట్లన్నీ తనవే, వాటి మీద చెయ్యి ఆగలేదు. ఒకచోట ఆగింది.

"ఇదిగో, మెత్తటిది. ఇది నా చెయ్యి కాదు. ఓతిలియా, ఏముందిక్కడ?"

ఓతిలియా కోపంలో ఉంది. పైగా గరాటు బొమ్మలు ఇంకా కళ్ళముందే ఉన్నాయి. "ఏముంది? నీ ముఖం. కళ్ళ నిండా బూడిదరంగు దారం కుక్కి నిన్ను గుడ్డిదాన్ని చేసింది. వెక్కిరింపు కాకపోతే ఏమిటది? ఇప్పటికైనా నా మాట నిజమని ఒప్పుకుంటావా?"

వెతూరియా వేలు ఆ బూడిదరంగు కళ్ళ మీదే ఉంది. "పిల్లా, నువ్వు చెప్పు."

డోయినా చట్రం చివర ఇంకా పట్టుకునే ఉంది. "అది వెక్కిరింపు కాదు పిన్నీ. మీ చూపు పోతోంది. ఎండాకాలం నుంచీ చూస్తున్నా. నల్లదారం అనుకుని నీలం తీస్తున్నారు. కమ్మీలు కుడుతూ కుడుతూ బాల్కనీ దాటి గాల్లోకి వెళ్ళిపోతున్నారు. మీరు రాకముందే లేచి వాటిని విప్పి, మళ్ళీ కుడుతున్నా. తిమిషోవారాలో అందరూ చూసి నవ్వితే నేను తట్టుకోలేను."

"నన్నడిగావా?"

"అడిగితే ఉండనిచ్చేవారా?"

వెతూరియా వేళ్ళు ఇంకొంచెం పక్కకి జరిగాయి. మళ్ళీ మెత్తటి కుట్లు. కుర్చీ కాలు, కుర్చీ చెయ్యి విరిగినప్పుడు తను గుడ్డపేలిక చుట్టి కట్టిన ముడి. తన కుర్చీ. అందులో కూర్చున్నది తను కాదు. జడ ఉంది, సన్నటి భుజాలున్నాయి. ఆ బొమ్మ ఓతిలియా నిలబడ్డ చోటికి కనిపించదు. వెతూరియా వేలు తియ్యలేదు, ముఖంలో ఏమీ చూపించలేదు.

"అంతేనా? ఇంకేమైనా ఉందా?" అంది.

డోయినా ఆవిడ చేతి వైపు చూసింది. ఆ ముసలి కళ్ళ వైపు చూసింది. ఏమీ లేదనేస్తే సరిపోయేది. శుక్రవారం ఇంకెంత దూరంలో ఉందని? కన్నీళ్ళు బొటబొటా రాలాయి.

"ఉంది పిన్నీ. మీ కుర్చీ. అందులో నేను కూర్చున్నాను. మీ కమ్మీలు సరిచేస్తున్నప్పుడల్లా అనిపించేది, ఈవిడ కళ్ళు పూర్తిగా పోతే ఈ కిటికీ నాదవుతుంది కదా అని. ఒకసారి కాదు, చాలాసార్లు అనుకున్నా. సిగ్గేసేది. అయినా అనుకునేదాన్ని."

ఓతిలియా చప్పట్లు కొట్టినంత పని చేసింది. "విన్నావా? తన నోటితోనే చెప్పింది! నేనేం చెప్పాను నీకు?"

వెతూరియా చట్రాన్ని ఆసరా చేసుకుని నెమ్మదిగా తన కుర్చీలో కూలబడింది. ఆవిడకి భయమేసింది. షాపువాడి మీదా, కరెంటు మీదా, సూదుల కంపెనీ మీదా ఇన్నాళ్ళూ పంచిపెట్టుకుంటూ వచ్చిన భయమంతా ఒక్కసారిగా వచ్చి ఒళ్ళో పడింది. చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తుంటే ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు, ఆవిడ దగ్గరికి రానివ్వదని తెలుసు కాబట్టి.

తర్వాత తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుంది. "ఓతిలియా, కాఫీ పెట్టు."

"నేనా?"

"నువ్వే. పొడి ఎంత వేశావో నాకెలాగూ కనపడదు, ఎక్కువే వెయ్యి."

ఓతిలియా గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి నడిచింది. డోయినా ఇంకా చట్రం దగ్గరే నిలబడి ఉంది, పొమ్మంటారని ఎదురుచూస్తూ. పక్కగదిలో దాని సంచి సర్దే ఉంది.

"ఇలా రా" అంది వెతూరియా. "ఎదురుగా చెప్పావు కాబట్టి సరిపోయింది. లేదని ఉంటే ఈపాటికి మెట్లు దిగుతూ ఉండేదానివి. నేను ముందే తడిమి చూసుకున్నా."

"తెలుసు పిన్నీ. మీ వేలు ఆ ముడి మీదే ఆగిపోయింది."

"ఓహో, తెలిసే చెప్పావా?" పాత అనుమానం ఒక్కక్షణం లేచి నిలబడింది. అది అంత తేలిగ్గా పోతుందా? వెతూరియా ఆ పిల్ల ముఖం కోసం వెతికింది. కిటికీ వెలుగులో మసక మసకగా ఒక ఆకారం కనబడింది తప్ప, అందులో నిజముందో లేదో చూసే కళ్ళు ఆవిడకి లేవు. ఇకముందు కూడా ఉండవు.

రవికెకి గుచ్చుకున్న సూదిని తీసింది. నల్లదారమో నీలందారమో తెలియని పోగొకటి ఒళ్ళోంచి తీసింది. రెండూ ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఇందులో దారం ఎక్కించు. రేపు కూడా నువ్వే ఎక్కించాలి. శుక్రవారం కూడా."