ఆ వైపు కుర్చీ

భోజనాల గదికి ఎవరైనా ముదురు నీలం రంగు వేస్తారా? తెరలాయన వేశాడు. ఒక పూత కాదు, మూడు పూతలు. మూడో పూత ఆరేసరికి మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో పొద్దు గూకినట్టే ఉంది. లోపలికి అడుగు పెట్టినవాళ్ళు తమకు తెలియకుండానే గొంతు తగ్గించేవారు. అడుగు పెట్టినవాళ్ళంటే ఎవరో కాదు, ఆయన భార్యా కూతురూను.

ముప్ఫై ఏడేళ్ళు నాటకశాలలో తెరలు రాసిన మనిషి కాబట్టి అందరికీ ఆయన తెరలాయనే. రాజభవనమో, అడవో, జైలో, ఏది కావాలన్నా వారం తిరక్కుండా గుడ్డ మీద నిలబెట్టేవాడు. నోటితో మాత్రం నాలుగు మాటలు కలిపి చెప్పలేడు. సంతోషమొచ్చినా బాధొచ్చినా కుంచె పట్టుకోవాల్సిందే. అలాంటి మనిషికి ఒక మాట చెప్పాల్సిన అవసరం వచ్చిపడింది. అది తొమ్మిదేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట.

సంగతేమిటంటే, ఆయన అక్క కూడా అదే నాటకశాలలో పనిచేసేది. వెనక తెరలు ఈయన రాస్తే, ముందు తెరలు ఆమె కుట్టేది. ఒకసారి ఆమె నలభై రోజులు మిషను ముందు కూర్చుని ఎర్ర మఖమలు తెర కుట్టింది. ప్రదర్శన రోజు మధ్యాహ్నం, ఆ తెర జానెడు మేర నేల మీద ఈడుస్తోందని తెరలాయన కంటపడింది. అక్క అన్నానికి వెళ్ళింది. వచ్చేదాకా ఆగొచ్చు. ఆగితే ఈ కథే లేదు. కత్తెర పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి జానెడు గుడ్డా కోసేశాడు. తెర నేలకి ఆని ఉంటేనే గాలికి లేవకుండా నిలబడుతుందని ఆమె కావాలని వదిలిన జానెడు అది.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి చూసింది. అరవలేదు.

"నేను అన్నం తినొచ్చేలోగా ఇంత పని చేశావా? ఇక నీ ఇంట్లో మెతుకు ముట్టను" అంది.

ఆ సాయంత్రం ఆ తెర గాలికి లేచి, వెనక నిలబడ్డ నటుల కాళ్ళన్నీ జనానికి కనిపించి, నాటకం మొదలవకముందే నవ్వులపాలైంది. తప్పు తనదేనని తెరలాయనకి అప్పుడే తెలిసింది. పక్క వీధిలోనే ఉన్న అక్క గుమ్మం దాకా ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. వెళ్ళడం, నీళ్ళు నమలడం, వాతావరణం గురించి ఏదో గొణిగి వెనక్కి రావడం. ఆవిడ మొహం చూస్తే మాట పెగలదు. కొన్నాళ్ళకి ఆవిడ మొహం చూపించడమే మానేసింది, వీధిలో ఎదురుపడ్డా తల తిప్పుకుని వెళ్ళిపోయేది. తొమ్మిదేళ్ళు ఇలాగే గడిచిపోయాయి.

ఈ మధ్య కూతురికి ఉద్యోగం వచ్చింది. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా మేనత్త ఇంటికెళ్ళి, "అత్తా, ఆదివారం సాయంత్రం మా ఇంట్లో భోజనం. నువ్వు రాకపోతే నేనూ తినను" అని మొండికేసింది.

"వస్తాను. కూర్చుంటాను. తినే సంగతి మాత్రం అడక్కు" అందట అత్త.

ఆ కబురు వినగానే తెరలాయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. వచ్చి, కూర్చుని, కంచం ముట్టకుండా వెళ్ళిపోతే ఇక ఈ జన్మకి అంతే. అందుకే ఆ నీలం రంగు.

నీలం గోడ మీద సరస్సు రాశాడు. ఒడ్డున రెల్లు, నీటి మీద పొగమంచు, దూరంగా కట్టేసిన ఒంటరి పడవ. అంతటితో ఊరుకుంటే ఆయన తెరలాయన ఎందుకవుతాడు? వంటగది గుమ్మం పక్కన నేల మీద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, అడుగున పగిలిన అద్దం ముక్కలు పరిచాడు. దాని మీదకి చిన్న దీపం వంచాడు. పంకా గాలికి పళ్ళెంలో నీళ్ళు కదిలితే, ఆ వెలుగు ఎదురు గోడ మీద పడి సరస్సంతా కదిలేది. చూస్తూ నిలబడితే నేల కూడా మెల్లగా ఊగుతున్నట్టుండేది. కూతురు ఒకసారి తనకి తెలియకుండానే చెప్పులు విప్పేసింది.

"ఏమండీ, వదిన వచ్చేది భోజనానికా, నాటకానికా?" అంది భార్య.

"కూర్చోవాలనిపించాలి కదే" అన్నాడాయన. అంత పొడుగు మాట ఆయన మాట్లాడి నెలయింది.

అన్నిటికంటే చివర, పెట్టె అడుగు నుంచి ఎర్ర మఖమలు పేలిక తీశాడు. ఆ రోజు కోసిన జానెడే. తొమ్మిదేళ్ళు పారేయలేక దాచుకున్నాడు. దాన్ని వంటగది గుమ్మం పైన కుచ్చులుగా వేలాడదీసి, కోసిన అంచుని లోపలికి మడిచి సొంత చేత్తో కుట్టాడు. కుట్టు పాము పాకినట్టొచ్చింది. వేళ్ళకి నాలుగుచోట్ల సూది గుచ్చుకుంది. అక్క చూసి ఏమంటుందోనని రెండుసార్లు నిచ్చెనెక్కి తీసేయబోయాడు, రెండుసార్లూ దిగొచ్చాడు.

ఆదివారం వచ్చింది. వంటగదిలో భార్యకి ఊపిరాడని పని. బల్ల సర్దడం మొత్తం ఆయనకే వదిలేసింది. తెల్లటి గుడ్డ, కంచాలు, గ్లాసులు, రెండు పొట్టి దీపాలు. వీధి గేటు చప్పుడయ్యాక గాని ఆవిడ గరిట పట్టుకుని ఇవతలికి రాలేదు. వచ్చి, బల్ల చూసి కొయ్యబారిపోయింది.

నాలుగు కుర్చీలూ ఒకే వైపున ఉన్నాయి. వరసగా, సరస్సుకి వీపు పెట్టి, వంటగది గుమ్మానికి ఎదురుగా. బల్లకి ఇవతలి వైపు ఒక్క కుర్చీ లేదు.

"ఇదేం కొలువండీ! ఈ వైపు కుర్చీలేవి?"

తెరలాయన నాలుక కరుచుకున్నాడు. పెద్ద పప్పులోనే కాలేశాడు. వేదిక మీద బల్ల వేస్తే జనం వైపు కుర్చీ వేయకూడదు. జనానికి ఎవరి వీపూ కనిపించకూడదు. ముప్ఫై ఏడేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే సర్దేసింది. పన్నెండు రోజులు కష్టపడి రాసిన సరస్సు తినడానికి కూర్చున్నవాళ్ళకే కనిపించదు!

కుర్చీ లాగబోయేంతలో అక్క గుమ్మంలోకి వచ్చేసింది. బాగా నెరిసిపోయింది. గది చూసి ఒక్క క్షణం ఆగింది. నీలం, పొగమంచు, ఊగే వెలుగు, అన్నీ చూసింది. తమ్ముడి మొహం తప్ప. నడిచొచ్చి మధ్యనున్న ఒక కుర్చీలో కూర్చుంది. కూతురు ఆమెకి అటు పక్కన కూర్చుంది. ఆయన గత్యంతరం లేక ఇటు పక్కన కూర్చున్నాడు.

భార్య ఎదురుగా నిలబడి వడ్డించింది. వడ్డిస్తూ తలెత్తి చూసి, గరిట గాల్లోనే ఆపేసింది. ఆ ముగ్గురి వెనక సరస్సు మెల్లగా కదులుతోంది. వెలుగు అలలు వదిన నెరిసిన జుట్టు మీద నుంచి ఆయన భుజం మీదకి పాకుతున్నాయి. తొమ్మిదేళ్ళ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. భార్యకి ఏడుపొచ్చింది. కూర ఇంకా తేవాలన్న వంకతో లోపలికి వెళ్ళిపోయింది.

కంచంలో అన్నం పొగలు కక్కుతోంది. అక్క చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కూతురు కూడా ముద్ద కలపలేదు. అక్క ఎదురుగా చూస్తోంది, గుమ్మం మీది ఎర్ర మఖమలు వంక. తెరలాయన కూడా అటే చూస్తున్నాడు. అలా కూర్చుంటే ఒకరి మొహం ఒకరికి కనిపించదు. గుమ్మం వైపు చూస్తూ ఉండగా ఆయన నోరు దానంతటదే కదిలింది.

"అడగాల్సింది అక్కా."

ఆవిడ చూపు మఖమలు మీదే ఉంది.

"కొయ్యబోయే ముందు నిన్ను అడగాల్సింది. తప్పు నాదే."

  మాటైతే బయటపడింది. ఇక ఆవిడ లేచిపోయినా సరే, గొంతు మాత్రం తేలికైంది.

అక్క గుమ్మం వైపు గడ్డంతో చూపించి, "ఆ అంచు ఎవడు కుట్టాడు?" అంది.

"నేనే."

"అది కుట్టా? కోడి కెలికినట్టుంది."

కూతురు కిసుక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క పెదవి కూడా కొంచెం వంకర తిరిగింది. కుడిచెయ్యి ఒళ్ళో నుంచి లేచింది. అన్నం కలిపింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. తెరలాయన ఆవిడ నమిలి మింగేదాకా గుమ్మం మీద నుంచి చూపు తిప్పలేదు. తన కంచం సంగతే మర్చిపోయాడు.

సగం కంచం ఖాళీ అయ్యాక అక్క లేచి నిలబడింది.  ఆవిడ ఎడంచేత్తో తన కుర్చీ పట్టుకుని, నేల మీద కిర్రుమనిపిస్తూ బల్ల చుట్టూ లాక్కెళ్ళింది. అవతలి వైపు, ఎవరూ కూర్చోకూడని వైపు వేసుకుని కూర్చుంది. కంచం తన ముందుకి లాక్కుంది.

"వీపు వెనక ఏం రాశావో నేనూ చూడొద్దూ?"

సరస్సు వంక చాలాసేపు చూసింది. పడవ వంక చూసింది. ఆ తర్వాత మెల్లగా, ఇన్నేళ్ళుగా ఒక్కసారీ చూడని చోటికి, తమ్ముడి మొహం మీదకి చూపు దించింది.

"సరస్సు బాగానే ఉంది. నువ్వే ముసలాడివైపోయావురా" అంది.  ఆ వెంటనే వంటగది వైపు తిరిగి గట్టిగా కేకేసింది. "అమ్మాయ్! లోపల ఏం చేస్తున్నావ్? ఇంకొంచెం అన్నం పట్రా."