నాన్న నోట అమ్మ మాట

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక నాన్న మొదటిసారి నోరు విప్పింది ఒక మధ్యాహ్నం. కూతురు మందుబిళ్ళ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆయన కిటికీ వైపు చూస్తూ, తీరిగ్గా రాగం తీసి, "ఏమండీ, గొడుగు తీసుకున్నారా?" అన్నాడు.

బిళ్ళ జారి మంచం కిందికి దొర్లిపోయింది. ఆ మాట అమ్మది. ఆ రాగం అమ్మది. "ఏమండీ" అన్నాక చిన్నగా గొంతు సవరించుకోవడం కూడా అమ్మదే. అమ్మ పోయి ఏడాది దాటింది.

నాన్నది కళ్ళజోళ్ళ దుకాణం. ఇంట్లో మాటల శాఖ మొత్తం అమ్మే చూసుకునేది. పైవాటాలో అద్దెకుండేవాళ్ళు ఆవిడకి రేడియో అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆవిడ గొంతు ఇంకాస్త పెంచింది తప్ప తగ్గించలేదు. నాన్న ఎంతసేపు విన్నా ఒక్క "ఊఁ"తో సరిపెట్టే మనిషి. ఇప్పుడు మెదడులో ఎడమవైపు నరం చిట్లి, ఉన్న ఆ కాస్త మాటా ఊడ్చిపెట్టుకుపోయింది. మనం చెప్పేది సగం అర్థమవుతుంది. తను చెప్పబోతే మాత్రం అమ్మ వస్తుంది.

కూతురు హడలిపోయి ఆయన్ని మాటల టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మాట పోయినవాళ్ళకి మళ్ళీ నేర్పే ఆవిణ్ణి ఆసుపత్రిలో అందరూ అలాగే పిలుస్తారు.

"కంగారు పడకమ్మా. మనం అప్పటికప్పుడు అల్లుకునే మాట వేరు, వినీవినీ నోటికి పట్టేసిన మాట వేరు. మొదటిది పోయినా రెండోది ఉండిపోతుంది. కొందరికి తిట్లు మిగులుతాయి, కొందరికి పాటలు. మీ నాన్నగారికి మీ అమ్మగారు మిగిలారు."

"మగవాళ్ళకి మాట ఎడమవైపే ఉంటుందటగా? మనకైతే రెండు వైపులా ఉంటుందని ఎక్కడో చదివాను."

"కొందరు అలా రాశారు. మళ్ళీ చూస్తే అంత తేడా ఏమీ లేదని ఇంకొందరు రాశారు. నా దగ్గరికి మాట పడిపోయిన ఆడవాళ్ళూ వస్తున్నారు మరి. తల లోపల ఆడా మగా అని బోర్డేమీ ఉండదు తల్లీ."

ఈ జవాబు కూతురికి నచ్చలేదు. తను చదివిందే బాగుంది. నాన్న మాట ఎడమవైపే ఉండేది, కుడివైపు గది ఖాళీ. అందులో అమ్మ ఎన్నేళ్ళ క్రితమో కాపురం పెట్టేసి ఉంటుంది.

టీచరమ్మ ఒక షరతు పెట్టింది. "ఆ మాటలకి మాత్రం బదులివ్వకండి. బదులొస్తే మెదడు అక్కడే చతికిలబడుతుంది. ఆయన సొంత మాట కోసం తడుముకున్నప్పుడు ఎంతసేపైనా ఆగండి. ఈ కొద్ది నెలలే కీలకం. జారిపోతే ఇక రాదనే అనుకోవాలి."

కూతురు బుద్ధిగా తలూపింది. మర్నాడు, నాన్న బదులు తనే చూసుకుంటున్న దుకాణంలో అద్దాలు తుడుస్తుంటే, వెనక కుర్చీలోంచి "ఏమండీ, వింటున్నారా?" అని వినబడింది.

"ఊఁ" అంది.

నాన్న మొహం వెలిగిపోయింది. ఇక ఆగలేదు. తలుపు గడియ వేశారా, చొక్కాకి గుండీ ఊడింది చూసుకున్నారా, మీకేం చెప్పినా గోడకి చెప్పినట్టే. కూతురు ఊఁ కొడుతూ కూర్చుంది. కళ్ళజోడు కోసం వచ్చిన డ్రైవరు, "మీ ఇంట్లో ఎవరు ఎవరండీ?" అని నవ్వాడు. ఆమెకి సిగ్గనిపించలేదు సరికదా, సాయంత్రం ఎప్పుడవుతుందా, ఇంట్లో తీరిగ్గా విందామా అనిపించింది. అమ్మ మళ్ళీ దొరికింది. నాన్న సంగతి రేపు చూసుకోవచ్చు.

అలా రేపు రేపు అనుకుంటూ నెలలు గడిపేసింది.

ఒకరోజు పక్క దులుపుతుంటే నాన్న గొంతు బాగా తగ్గించి, కూతురు ఎప్పుడూ విననిది అన్నాడు. "ఏమండీ, నొప్పిగా ఉందని పిల్లకి చెప్పకండి."

దుప్పటి చేతిలో అలాగే ఉండిపోయింది. చివరి రోజుల్లో అమ్మ నవ్వుతూనే ఉండేది. నొప్పి లేదమ్మా, ఊరికే నీరసం అనేది. తను నమ్మి, అప్పట్లో చేసే ఉద్యోగానికి వెళ్ళిపోయేది. నాన్న ఆ మాటే మళ్ళీ అన్నాడు, మళ్ళీ అన్నాడు. నోటికి ఇంతలా పట్టిందంటే, ఈ గోడల మధ్య అమ్మ దాన్ని ఎన్నిసార్లు అని ఉంటుంది? ఇంకా ఏమేం దాచారో వినే ధైర్యం లేక బయటికి వచ్చేసింది.

ఆ రోజు నుంచి బదులివ్వడం మానేసింది. టీచరమ్మ చెప్పిందే చేస్తున్నానని తనకి తాను చెప్పుకుంది. "ఏమండీ, వింటున్నారా?" అని నాన్న పిలిచినప్పుడల్లా పళ్ళ బిగువున పనిలో తల దూర్చేది. ఆయన ఆగి, చెవి ఒగ్గి, మళ్ళీ పిలిచేవాడు. పిలుపులు పలచబడ్డాయి. ఒక వారమంతా ఆ రాగమే వినబడలేదు. ఇల్లు చిన్నబోయింది.

తర్వాత నాన్న "నీళ్ళు" అన్నాడు. రాగం లేదు, గొంతు సవరించుకోవడం లేదు, అచ్చంగా ఆయన మాటే. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. కూతురు బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. అది సంతోషమే అనుకుంది.

మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఒక ఉదయం అద్దం ముందు ఆయన తల దువ్వుతుంటే నాన్న ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. పెదవులు కదిలించాడు, తడబడ్డాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె దువ్వెన పక్కన పెట్టి ఎదురుచూసింది.

"మీ అమ్మ... రోజూ మాట్లాడేది నాతో. ఇప్పుడు... లేదు."

అప్పటికి గాని ఆమెకి తట్టలేదు. ఆ మాటలు తనే అంటున్నట్టు ఆయనకి తెలియదు. ఎప్పటిలాగే వింటున్నాననుకున్నాడు.

"నువ్వు... ఏమైనా అన్నావా అమ్మని?"

"లేదు నాన్నా, నేనేమీ అనలేదు" అంది కూతురు. ఆయన నమ్మినట్టే తలూపి, ఖాళీగా ఉన్న పక్కగది గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.